పుట్టమ్మ నడిపిన శిశువిహార

బిడ్డల్ని చూసుకోవడం కూడా ఒక పనేనా అని అడిగేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారు. అలాంటివాళ్ళను మూడేళ్ళ లోపు పిల్లలు పదిమంది ఉన్న గదిలో ఒక్క పూట వదిలి బయట గొళ్ళెం పెట్టాలి. మధ్యాహ్నానికల్లా తలుపు బాది, దండం పెట్టి మరీ బయటపడతారు. కర్ణాటకలో, తెలుగు మాట్లాడే సరిహద్దు సీమలో, పాతపాళ్యానికి కూతవేటు దూరంలో ఉన్న చిన్న పల్లెలో పుట్టమ్మ అలాంటి పిల్లలను ఇరవై ఇద్దరిని, పొద్దు పొడవక ముందు నుంచి పొద్దు వాలేదాకా చూసుకుంది. ఒక్క పూట కాదు, ఏళ్ళ తరబడి. మొదటి ఏడాదిలోనే ఆ పని ఆమె చేతిలోంచి జారిపోబోయింది. ఈ కథ దాని గురించే.

పుట్టమ్మ పుట్టిల్లు కైవారం దగ్గర. ఇంటికి భూమి ఉంది కానీ వాన కోసం ఆకాశం చూసే భూమి. ఆమె మూడో తరగతిలో ఉండగా తమ్ముడు శ్రీనివాసప్ప పుట్టాడు. తల్లి చేనుకు పోవాలి, బిడ్డను ఎవరు ఎత్తుకోవాలి? ఇంకెవరు, పుట్టమ్మే. పిల్ల బడికి రావడం లేదేమని మేష్టరు రెండుసార్లు ఇంటికి వచ్చాడు. రెండోసారి తల్లి ఆయన్ను సూటిగా అడిగింది, "సార్, ఈ పిల్ల బడికొస్తే ఆ పిల్లోణ్ణి ఎవురు చూస్తారు? మీరు చూస్తారా?" మేష్టరు దగ్గర జవాబు లేదు. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

ఆ తమ్ముడు ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో హైస్కూలు మేష్టరు. పండక్కి అక్కకు చీర పెడతాడు, అక్క తిడితే నోరెత్తకుండా వింటాడు. పుట్టమ్మకు తమ్ముడి మీద కోపం లేదు, తల్లి మీద అంతకన్నా లేదు. ఆ మేష్టరు జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాడే, దాని మీద మాత్రం నలభై ఏళ్ళయినా కోపం చల్లారలేదు. పెళ్ళయి, కృష్ణప్పతో కాపురానికి ఈ పల్లెకొచ్చి, ముగ్గురు పిల్లల్ని కన్నాక, వాళ్ళ పక్కనే కూర్చుని వాళ్ళ పుస్తకాలే చదివింది. ముప్పై దాటాక ఏడో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టి గట్టెక్కింది. పరీక్షకు పోయిన రోజు కృష్ణప్ప ఊళ్ళో వాళ్ళతో, ఆమె సంతకు పోయిందని చెప్పాడట. భార్య చదువుకుంటోందంటే సిగ్గు ఆయనకు. తరవాత మార్కుల కాగితం జేబులో పెట్టుకుని టీ అంగడి దగ్గర అందరికీ చూపించిందీ ఆయనే.

రెండువేల ఏడో సంవత్సరంలో బాగేపల్లి మహిళా సంఘం నుంచి సుజాతమ్మ ఆ పల్లెకు వచ్చింది. పనికి పోయే తల్లుల పిల్లలకు గవర్నమెంటు శిశువిహార పెడుతోందని, నడిపే బాధ్యత సంఘానిదని, పిల్లల పాలకూ తిండికీ చూసుకునే ఆమె గౌరవధనానికీ గ్రాంటు వస్తుందని చెప్పింది. తల్లులు నెలకు ఏదో నామమాత్రం ఇస్తే చాలు. మెట్రిక్ చదివిన పిల్ల ఎవరైనా ఉంటే పంపండి అని కూడా అంది. అలాంటి పిల్లలంతా అప్పటికే గార్మెంట్స్ ఫ్యాక్టరీ బస్సెక్కి పోతున్నారు. పుట్టమ్మ తన ఏడో తరగతి కాగితం తెచ్చి ముందు పెట్టింది.

"ఈ వయసులో నీకెందుకమ్మా ఈ పిల్లల గొడవ?" అని సుజాతమ్మ అడిగింది.

"ఎనిమిదేండ్లకే మొదులుపెట్నాను ఈ పని. నా అంత అనుభవం ఉండేవాళ్ళు ఈ తాలూకాలో ఉంటే సూపించు, నేను లేచి పోతాను" అంది పుట్టమ్మ. సుజాతమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే పేరు రాసుకుంది.

గది కోసం వెతకాల్సిన పని పడలేదు. ఊళ్ళో పెద్ద రైతు నరసింహయ్యకు పట్టుపురుగులు పెంచే పొడుగాటి ఇల్లు ఉంది. బోరు ఎండిపోయి మల్బరీ తోట పీకేశాక అది ఖాళీగా పడి ఉంది. పుట్టమ్మ మూడు రోజులు కడిగింది, గోడలకు సున్నం కొట్టింది. పురుగులు గూళ్ళు కట్టడానికి వాడే గుండ్రటి వెదురు చంద్రికలు ఇరవై దాకా మూలన పడి ఉంటే, వాటిని నిలబెట్టి తాళ్ళతో కట్టి, పాకే పిల్లలు గడప దాటకుండా అడ్డం చేసింది. నడిచే పిల్లలు ఆ చంద్రికలు పట్టుకునే నడక నేర్చుకున్నారు.

ఇక అసలు చిక్కు. శిశువిహార పొద్దున తొమ్మిదిన్నరకు తెరవాలని, సాయంత్రం ఐదున్నరకు మూయాలని కాగితంలో ఉంది. ఎనిమిది గంటలు. ఆ కాగితం రాసినవాళ్ళకు ఆఫీసు టైము తెలుసు, టమాటా టైము తెలియదు. చేలూరు దాటి చింతామణి దారిలో టమాటా తోటలున్నాయి. ఎండ ఎక్కకముందే కాయ కోయాలి, మార్కెట్టుకు లారీ కదలాలి. కూలి ఆడవాళ్ళను ఎక్కించుకునే టెంపో ఆరు గంటలకు పల్లెలోకి వస్తుంది, ఆరూ ఐదుకు వెళ్ళిపోతుంది. ఎవరి కోసమూ ఆగదు.

మొదటి రోజు శశికళ అనే కూలి మనిషి రెండేళ్ళ పునీత్‌ను చంకనేసుకుని ఐదున్నరకు పుట్టమ్మ ఇంటి ముందు నిలబడింది. మొగుడు బెంగళూరులో గారపనికి పోయి నెలకోసారి వస్తాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. పెద్దపిల్ల సహనకు తొమ్మిదేళ్ళు. తమ్ముణ్ణి చూసుకోవడానికి బడి మానేసి ఏడాదయింది. "అమ్మా, ఎన్ని గంటలకు తెరుస్తావు?" అని శశికళ అడిగింది. తొమ్మిదిన్నరకని చెప్పాలి. చెబితే సహన ఇంటి దగ్గరే ఉండాలి, తొమ్మిదిన్నరకు తమ్ముణ్ణి దించి అప్పుడు బడికి పోవాలి. అప్పటికి బడి గంట కొట్టి అర్ధ గంటవుతుంది. నాలుగు రోజులు ఆలస్యంగా పోయి చీవాట్లు తింటే ఏ పిల్లయినా ఐదోరోజు పోదు. పుట్టమ్మకు ఇదంతా ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

"ఇప్పుడే తెరిచేది. ఇట్లా తే" అని బిడ్డను అందుకుంది.

ఆ రోజు మొదలు ఐదున్నరకే తలుపులు తెరిచింది. చీకటి పూర్తిగా విడకముందే రాగి గంజి కాచి సిద్ధంగా ఉంచేది. నిద్రలోనే తెచ్చిన పిల్లల్ని నిద్రలోనే పడుకోబెట్టేది. రిజిస్టరులో మాత్రం రోజూ బుద్ధిగా తొమ్మిదిన్నర అని రాసేది. రూలు అది కాబట్టి. పొద్దున గంజి సొంత ఇంటి రాగులది. తల్లులకు ఈ సంగతేమీ తెలియదు. గవర్నమెంటు ఐదున్నరకు తెరవమంది కాబోలు అనుకున్నారు. ఆమె చెప్పనూ లేదు. చెబితే మొహమాటపడి మానేస్తారేమోనని భయం.

ఎనిమిది నెలలు గడిచాయి. ఊళ్ళో ఆరుగురు ఆడపిల్లలు మళ్ళీ బడికి పోతున్నారు. సహన నాలుగో తరగతిలో కూర్చుంది. పొద్దున బడికి పోతూ శిశువిహార కిటికీలోంచి తొంగిచూసి, "అవ్వా, వాడు ఏడుస్తాండాడా?" అని అడిగేది. "నీ పని నువ్వు చూసుకోమ్మా, మేష్టరు వస్తాండాడు" అని పుట్టమ్మ తరిమేది. ఆ పిల్ల పరుగెత్తుకుంటూ పోతుంటే చూడటం పుట్టమ్మకు ఎంత ఇష్టమో చెప్పలేం. రోజూ అదే కిటికీ దగ్గర నిలబడి, ఆ పిల్ల మలుపు తిరిగేదాకా చూసేది.

అప్పుడు కబురొచ్చింది. వచ్చే గురువారం జిల్లా నుంచి అధికారి తనిఖీకి వస్తాడట. ఆయన బాగుందని రాస్తే గ్రాంటు ముందుకు సాగుతుంది.

పుట్టమ్మకు కాళ్ళు నేల మీద ఆనలేదు. తన పని చూడటానికి ఒక అధికారి రావడమంటే మాటలా! ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "గురువారం ఎవురూ పనికి పోవద్దండమ్మా. ఒక్కదినం. సార్ వస్తాండాడు, మనూరికి మర్యాద ఉండాల. పిల్లోళ్ళకు నూనె రాసి మంచి గుడ్డలు తొడిగించండి. మీరూ మంచి చీరలు కట్టుకోని రాండి." ఎవరింటికి ఏ పెద్దమనిషి వచ్చినా ఆడవాళ్ళు గడపలో లేకపోవడం ఆ ఊళ్ళో తప్పు. మంచినీళ్ళు ఇచ్చే దిక్కు కూడా లేని ఇల్లు అంటారు. కాబట్టి అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. ఒక రోజు కూలి వదులుకున్నారు.

గురువారం అధికారి జీపు దిగేసరికి పద్దెనిమిది మంది తల్లులు పట్టుచీరల్లో, తలనిండా కనకాంబరాలతో వరసగా నిలబడి ఉన్నారు. పిల్లలంతా తల్లుల చంకల్లో ఉన్నారు. చంద్రికల అడ్డం లోపల ఒక్క బిడ్డ లేదు. నరసింహయ్య దండ వేశాడు. చిత్రాన్నం, కేసరిబాత్, కాఫీ. మనిషి చెడ్డవాడేమీ కాదు, పద్ధతి గల మనిషి. పెట్టినవన్నీ కొంచెం కొంచెం తిన్నాడు, అందరినీ పలకరించాడు. తరవాత కాగితం తీసి కన్నడంలో నెమ్మదిగా అన్నాడు, "తాయందిరెల్లా మనేలే ఇదారల్లమ్మా."

తల్లులంతా ఇంట్లోనే ఉన్నారు కదమ్మా, అన్నాడు అంతే. పుట్టమ్మ సంతోషంగా "హౌదు సార్, ఎల్లారూ ఇదారె" అంది. అందరూ వచ్చారనే గర్వం ఆ గొంతులో. ఆయన రాసుకున్నాడు. జీపు మలుపు తిరిగి దుమ్ము తగ్గాక గానీ పుట్టమ్మకు ఆ మాట పూర్తిగా తలకెక్కలేదు. పనికి పోయే తల్లుల పిల్లలకు పెట్టిన శిశువిహార ఇది. ఆయన వచ్చి చూసింది పట్టుచీరలు కట్టుకుని ఇంట్లో ఉన్న తల్లుల్ని. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. ఊరందరినీ ఇల్లిల్లూ తిరిగి పనికి పోవద్దని చెప్పింది తనే.

ఇరవై రోజులకు కాగితం వచ్చింది. తల్లులు కూలికి పోతున్నట్టు కనబడలేదు కాబట్టి గ్రాంటు ఆపుతున్నామనీ, మరొకసారి చూసి నిర్ణయిస్తామనీ సారాంశం. పాలు ఆగిపోయాయి. గౌరవధనం ఆగిపోయింది. పుట్టమ్మ తలుపులు మాత్రం మూయలేదు, డబ్బు ఆగిన సంగతి తల్లులకు చెప్పనూ లేదు. ఇంటి రాగులు ఇప్పుడు పొద్దున గంజికే కాదు, మధ్యాహ్నం సంగటికీ పోయాయి.

"ఈ పొద్దుకు రాగులు గంపెడే ఉండాయి. మన పిల్లోళ్ళు పెరిగిపొయినారు గదా, ఇదేందే మళ్ళా?" అన్నాడు కృష్ణప్ప.

"తప్పు నాది. ఉన్నన్ని దినాలు పెడ్తాను. లేనినాడు చూద్దాం" అంది ఆమె. మర్నాడు కృష్ణప్ప తన ఆవు పాలు డైరీకి పోయకుండా ఒక చెంబు తెచ్చి శిశువిహార గట్టు మీద పెట్టి, ఎవరో పెట్టినట్టు గబగబా వెళ్ళిపోయాడు.

అన్నిటికన్నా ఆమెను కోసింది వేరే సంగతి. శిశువిహార మూసేస్తారన్న మాట ఊళ్ళో పాకింది. ఒక పొద్దున సహన కిటికీలోంచి వేరేగా అడిగింది. "అవ్వా, మూసేస్తే ముందే చెప్పు. మా మేష్టరుకు నేను చెప్పాల." ఆ పిల్ల ఏడవలేదు, అలగలేదు. బడి మానేయడానికి సిద్ధపడిపోయింది, అంతే. పుట్టమ్మ ఆ రోజే సుజాతమ్మను వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసు మెట్లెక్కింది. మూడుసార్లు తిరిగాక అధికారి దొరికాడు. మంగళవారం వస్తానన్నాడు.

ఈసారి పుట్టమ్మ మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. "మంగళవారం ఒక్కరు కూడా ఊళ్ళో ఉండొద్దు. ఎప్పటి మాదిరి పనికి పోండి. పూలు లేవు, కాఫీ లేదు, ఏమీ లేదు." ఇది ఒప్పించడం మొదటిదానికన్నా కష్టమైంది. సుబ్బలక్ష్మమ్మ అనే ముసలామె ఊళ్ళో ఆడవాళ్ళకు పెద్దదిక్కు. ఆమె ముక్కు మీద వేలేసుకుంది. "ఏమమ్మా పుట్టమ్మా, ఇంటికొచ్చినోళ్ళకు నీళ్ళియ్యకుండా పంపిస్తారా ఎవురన్నా? మన పరువేం గావాల?"

"మన పరువు మనల్ని ముంచింది అత్తా. ఒక దినం పరువు లేకుండా ఉందాం" అంది పుట్టమ్మ. నరసింహయ్య దండ తెస్తానంటే ఆయన్ను కూడా తోటకు పంపేసింది. అంత పెద్ద రైతును అలా గదమాయించడం ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆయన గొణుక్కుంటూనే పోయాడు.

మంగళవారం అధికారి పదకొండు గంటలకు వచ్చాడు. వీధంతా తాళాలు. సుబ్బలక్ష్మమ్మ కూడా వేరుశనగ వలవడానికి పక్క ఊరికి పోయింది. పట్టుపురుగుల ఇంట్లో ఇరవై ఇద్దరు పిల్లల మధ్య పుట్టమ్మ ఒక్కతే ఉంది. ముక్కు కారుతున్నవాళ్ళు, తడిపినవాళ్ళు, కొట్టుకుంటున్నవాళ్ళు. జ్వరంతో ఉన్న పునీత్ ఆమె ఒడిలో నిద్రపోయాడు. ఆమె లేవబోయి, బిడ్డ కదిలితే మళ్ళీ కూర్చుండిపోయింది. "సార్, కుండలో నీళ్ళు ఉండాయి. మీరే ముంచుకోవాల" అంది. అనడానికి ఎంత సిగ్గుపడిందో! అధికారి బూట్లు విప్పి లోపలికొచ్చి, తనే ముంచుకుని తాగాడు.

ఒక్కొక్క బిడ్డనూ చూపించి తల్లి ఎక్కడికి పోయిందని అడిగాడు. ఆమె అన్నీ తడుముకోకుండా చెప్పింది. పదిమంది టమాటా తోటకు, నలుగురు ఇటుకల బట్టీకి, మిగిలినవాళ్ళు వేరుశనగ పనికి. టెంపో ఎన్నింటికి వస్తుంది? ఆరుకు సార్. మళ్ళీ ఎప్పుడొస్తారు? ఐదున్నరకు. ఆయన రిజిస్టరు తెరిచాడు. పేజీలు తిప్పాడు. వేలు ఒక చోట ఆగింది.

ఇప్పుడు ఆయన మాట్లాడింది తెలుగులోనే. "తల్లులు ఆరుకు పోతారు. నువ్వు తొమ్మిదిన్నరకు తెరుస్తాండావు. నడాన మూడున్నర గంటలు పిల్లల్ని ఎవరో చూస్తాండారు కదా. అంటే ఇంట్లో మనుషులు ఉన్నట్టే. ఇంక శిశువిహార ఎందుకమ్మా?"

తొమ్మిదిన్నర నిజమంటే శిశువిహార పోతుంది. అబద్ధమంటే ఇన్ని నెలలుగా రిజిస్టరులో దొంగరాతలు రాసినట్టు తేలుతుంది, ఆమె పోతుంది. ఎటు చూసినా దారి లేదు. ఒడిలో బిడ్డ ఒళ్ళు కాలుతోంది. తను పోయినా ఫరవాలేదు, ఇంకెవరినైనా పెట్టుకుంటారు, గది మాత్రం ఉండాలి అనుకుంది పుట్టమ్మ.

"నేనే సార్. ఐదున్నరకు తెరుస్తాను. రూలు తొమ్మిదిన్నర అంటే రూలు ప్రకారం రాసినాను. తప్పే. నన్ను తీసేయండి, శిశువిహార తీసేయొద్దండి."

ఆయన సాయంత్రం దాకా అక్కడే ఉంటానని గోడకానుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం సంగటి ముద్ద పెడితే తిన్నాడు. ఒక పిల్ల ఆయన పెన్ను లాక్కుంటే ఊరుకున్నాడు.

ఐదున్నరకు టెంపో వచ్చింది. ఆడవాళ్ళు దూకినట్టే దిగి పరుగున లోపలికొచ్చారు. టమాటా చెట్ల పసరుతో చేతులు నల్లగా ఉన్నాయి. ఒక్కరు కూడా అధికారిని చూడలేదు. ఎవరి బిడ్డను వాళ్ళు వెతుక్కుంటూ ఆయన్ను పక్కకు తోసుకునే పోయారు. శశికళ పునీత్ నుదురు తాకి చూస్తోంది. అప్పుడు అధికారి గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మీ పిల్లల్ని చూసుకునేదానికి ఈమెకు మీరేమన్నా ఇస్తాండారా?"

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. శశికళ అంది, "మేమెందుకు ఇస్తాము సార్? గవర్నమెంటు ఇస్తాండాది గదా."

"గవర్నమెంటు ఇచ్చేది తొమ్మిదిన్నర నుంచే."

శశికళ పుట్టమ్మ వైపు తిరిగింది. "పొద్దున గంజి?" అని అడిగింది. పుట్టమ్మ చంద్రికల తాడు ఊడిపోయిందన్నట్టు వంగి ముడి వేస్తోంది. "ఆ గంజి కూడా నీదేనా అమ్మా? ఇన్ని దినాలు?" అంది శశికళ. వెనకనున్న ఆడవాళ్ళలో ఎవరో ముక్కు చీదారు.

"అయిపోయిందానికి ఇప్పుడెందుకమ్మా? పిల్లోనికి జ్వరముండాది, ముందు గుడ్డ తడిపి ఎయ్యి" అంది పుట్టమ్మ, తల ఎత్తకుండానే.

అధికారి రిజిస్టరు ఆమె ముందు పెట్టాడు. ఆ రోజు పేజీలో తొమ్మిదిన్నర కొట్టేసి, తన చేత్తో ఐదున్నర అని రాసి ఉంది. కింద గ్రాంటు సాగించవచ్చని ఒక మాట, ఆయన సంతకం. పక్కనే ఆమె సంతకానికి చోటు వదిలాడు.

"రేపట్నుంచి నిజమే రాయమ్మా. ఎన్ని గంటలు చూస్తే అన్ని గంటలు."